నోరులేని ఇద్దరితో నీళ్లమీదికి

ఎండాకాలంలో పడవ షికారేమిటని పెద్దేముల్ వైపు ఎవరైనా నవ్వితే తప్పుపట్టలేం. వాగులు ఎండిపోయి, బోర్లు దుమ్ము కక్కుతూ, తాండూరు బండలు పరిచిన వాకిళ్లు పొద్దున పదింటికే కాలే కాలం అది. అయినా పాత పడవ ఉన్నవాడికి అదే అసలు కాలం. వానలప్పుడు కోట్‌పల్లి ప్రాజెక్టు మత్తడి దుంకుతుంటే నీళ్లమీదికి పోవడం ధైర్యం కిందికి రాదు, తెలివితక్కువతనం కిందికి వస్తుంది. చలికాలంలో ఆదివారమైతే చాలు, హైదరాబాద్ కార్లు, కయాక్‌లు, ఫొటోలు. మార్చి వచ్చేసరికి ఆ సందడి తగ్గుతుంది. నీటిమట్టం దిగుతుంది, చేపలు లోతుకు చేరతాయి, వలలకు పని పెరుగుతుంది, పిల్లలకు ఒంటిపూట బడులు మొదలవుతాయి. తెల్లవారాక ఓ రెండు మూడు గంటలు నీళ్లమీద దొరికే చల్లదనం ఏ కూలరూ ఇవ్వలేదు.

ఈ అధ్యాయం ఒక పాత పుట్టో, ఫైబర్ పడవో, ఎవరో తక్కువకు అమ్మేసిన కయాకో చేతికొచ్చి, ఎటు పోయినా వెంట వచ్చే కుక్క కూడా ఉన్నవాళ్లకోసం. ఆ రెండూ లేనివాళ్లూ చదవచ్చు. ఎందుకంటే ఇందులో అసలు సంగతి పడవా కాదు, కుక్కా కాదు. “పోయినేడు బాగానే ఉండె కదా” అనే మన మాట. బండి టైర్ల గురించీ, అమ్మ మోకాళ్ల గురించీ, గ్యాసు పైపు గురించీ మనం అనేది అదే. పడవకూ కుక్కకూ నోరు లేదు కాబట్టి ఆ మాటకు అడ్డుచెప్పవు. పడవ కారేదాకా చెప్పదు. కుక్క పడిపోయేదాకా చెప్పదు. పైగా మీరు పిలిస్తే ఒంట్లో బాగాలేకపోయినా తోక ఊపుకుంటూ వచ్చి ఎక్కుతుంది. వాటి బాధ్యత తీసుకోవడమంటే దూరంనుంచి చూసి తల ఊపడం కాదు. కూర్చుని, చేత్తో తడిమి, నొక్కి, వాసన చూసి తెలుసుకోవడం. ఆ పనికి నెల ముందే కూర్చోవాలి. శివరాత్రి దాటాక మొదలుపెడితే సరిపోతుంది.

ముందు పుట్టి సంగతి. కోట్‌పల్లి వాగు నీళ్లు కాగ్నాలో కలుస్తాయి. కాగ్నా తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమలో పడుతుంది, భీమ నారాయణపేట జిల్లా అంచున కృష్ణలో కలుస్తుంది. అక్కడినుంచి దిగువకు పోతే మక్తల్ మండలం పంచదేవ్‌పహాడ్. కురువపురం దత్తక్షేత్రానికి పోయే భక్తులు తరతరాలుగా అక్కడ పుట్టి ఎక్కే కృష్ణ దాటుతున్నారు. అంటే మన వాగు నీళ్లు పుట్లకు కొత్తవి కావు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్ ఈ గుండ్రటి పడవలను చూసి రాసిపెట్టాడు. లోపల అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ ఎక్కిస్తారు, తిన్నగా పోదు, తిరుగుతూనే ఉంటుంది అని. గుర్రం ఎక్కినదాంట్లో మన కుక్క ఎక్కదా అంటారేమో. ఎక్కుతుంది. కాకపోతే ఆయన ఇంకో ముక్క కూడా రాశాడు: జంతువులు చాలామటుకు ఈదే దాటేవట. ఆ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు తోలు పోయింది. వెదురు బద్దల అల్లికమీద ప్లాస్టిక్ పట్టా, దానిమీద డాంబర్ పూత. ఎక్కడ చెడుతుందో తెలుసుకోవాలంటే కట్టమీద వలలు కుట్టుకునే ముసలాయన ఎవర్నైనా అడగండి. “ముందుగాల వాసన జూడు తమ్మీ, కండ్లతోని తర్వాత జూద్దువు” అంటాడు. ఆ మాటలో పని ఉంది. ఎండిన వెదురుకు దాదాపు వాసన ఉండదు. ముక్కిన వాసన వస్తుంటే పట్టాకూ అల్లికకూ మధ్య తడి నిలిచిందని అర్థం. పుట్టి కింద నేలమీద మెత్తటి పిండి రాలి ఉంటే పుచ్చు పట్టింది. ఆ బద్ద పైకి గట్టిగా కనిపిస్తుంది, మోకాలు ఆనగానే విరుగుతుంది. తర్వాత పుట్టిని బోర్లించి, ఓ పక్క ఇటుకలు పెట్టి లేపి, మిట్టమధ్యాహ్నం దానికింద దూరి కూర్చోండి. పైన సూర్యుడుంటాడు, మీకు చీకటి ఉంటుంది. చిల్లులన్నీ చుక్కల్లా వెలుగుతాయి. ఒక్కోదానికీ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ఇంతకంటే చవకైన పరీక్ష ఇంకోటి లేదు.

ఆ తర్వాత అంచు. పుట్టికి బలమంతా అంచులోనే ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా అంచు పట్టుకుని లేపాలి. కిర్రుమంటే ఫరవాలేదు, ఆకారం సాగినట్టు అనిపిస్తే మాత్రం కట్లు వదులయ్యాయి. కట్లు మీరే బిగించుకోవచ్చు. బద్దలు మార్చడం మాత్రం మేదరి పనివాళ్లకు వదిలేయండి. యూట్యూబ్ చూసి అల్లిన పుట్టిలో నేనైతే ఎక్కను.

డాంబర్ పూసేముందు పుట్టి పూర్తిగా ఆరాలి. తడిమీద పూస్తే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే. మరో సంగతి, డాంబర్ కాగుతున్నంతసేపూ కుక్కను దూరంగా కట్టేయండి. కొత్త వాసన ఏదైనా దానికి పిలుపే. పాదానికి డాంబర్ అంటుకుంటే చాలామంది చెయ్యి కిరోసిన్ డబ్బామీదికి పోతుంది. వద్దు. అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే విషం. వంటనూనె రాసి మెల్లగా రుద్దితే డాంబర్ మెత్తబడి ఊడివస్తుంది, తర్వాత సబ్బు. బాగుచేసిన పుట్టిని ఎండలో వదిలేసినా లాభం లేదు. మే ఎండకు పూత మెత్తబడి జారుతుంది. చెట్టుకింద బోర్లించి పెట్టండి.

ఫైబర్ పడవైతే రూపాయి బిళ్లతో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, పొరలు విడిపోయినచోట మొద్దుగా మోగుతుంది. కారడం పట్టుకోవాలంటే చాలామంది పడవను నీళ్లలో పెట్టి లోపలికి ఎక్కణ్నుంచి వస్తుందో వెతుకుతారు. దానికన్నా పడవను పాత టైర్లమీద పెట్టి లోపల బెత్తెడు నీళ్లు పోయడం మేలు. బయట చుక్క ఎక్కడ వేలాడితే అక్కడ దెబ్బ ఉన్నట్టు. నిండా మాత్రం పోయకండి, ఆ బరువుకు ఉన్న పడవ కూడా పగులుతుంది. అతుకు వేసేటప్పుడు దెబ్బ చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున గరుకు కాగితంతో గీకాలి. నున్నటి పాత పొరమీద రెసిన్ పట్టదు. మన ఎండలకు రెసిన్ గిన్నెలోనే గట్టిపడుతుంది కాబట్టి పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకోండి. కయాక్ సంగతి వేరు. దాని ప్లాస్టిక్‌కు ఏ జిగురూ నిలవదు, అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వేడిచేసి అతికించాలి. రంగు వెలిసి, సుద్దలా తెల్లబడి, నొక్కితే పెళుసుగా తగిలితే దాని ఆయుష్షు అయిపోయినట్టే. మోటారు ఉన్నవాళ్లు నిరుటి పెట్రోలు పారబోసి, గేరు ఆయిల్ రంగు చూడండి. పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్లు చేరాయి, మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే.

లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగినప్పటినుంచి దీని గురించి అందరం మాట్లాడుతున్నాం. మాటలయ్యాక దాన్ని పడవలో తలకింద దిండుగా పెట్టుకుంటున్నాం. పాత జాకెట్లో ఫోమ్ గట్టిపడి పొడిపొడి అవుతుంది, పట్టీలు ఎండకు దారాలవుతాయి. వేసుకుని నడుంలోతు నీళ్లలో నిలబడి కాళ్లు పైకి లేపండి. గడ్డం నీళ్లపైన ఉంటే ఉంచుకోండి. లేకపోతే అది నిజంగా దిండే, ఇంట్లో పెట్టుకోండి.

కుక్క వంతు

పడవకు ఓపిక చూపించినవాళ్లు కుక్క దగ్గరికొచ్చేసరికి తొందరపడటం నేను గమనించాను. అది ఎలాగూ వస్తుంది కదా అని. అందుకే దాని పని పడవకన్నా ముందే మొదలుపెట్టమంటాను. పశువుల డాక్టరు దగ్గర రెండు టీకాలు అడగండి. రేబిస్ అందరికీ తెలిసిందే. అది లేని కుక్కను జనంలోకి తీసుకెళ్లే హక్కు మనకు లేదు. రెండోది లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటినుంచి వచ్చే జబ్బు, కిడ్నీలనూ కాలేయాన్నీ తింటుంది, కుక్కనుంచి మనిషికీ అంటుతుంది. ఎండాకాలంలో పశువులన్నీ దిగే మడుగులోకే మీ కుక్కా దిగుతుంది. ఈ టీకా మొదటిసారైతే కొన్ని వారాల ఎడంతో రెండు డోసులు వేయాలి. బయలుదేరే ముందురోజు గుర్తొస్తే లాభం లేదు.

తర్వాత గోమార్లు. ఎండలు ముదిరేకొద్దీ ఇవి పెరుగుతాయి. వేళ్ల సందుల్లో, చెవి మడతలో, మెడపట్టీ కింద, తోక మొదట్లో వేళ్లు పెట్టి వెతకండి. కళ్లకు కనపడని జొన్నగింజంత బొడిపె వేలికి తగులుతుంది. గోమార్లు తెచ్చే జ్వరానికి కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి నీరసిస్తుంది. యజమాని ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ పోస్తుంటాడు. పెదవి ఎత్తి చిగురు రంగు చూడటం ఇప్పుడే అలవాటు చేసుకోండి. మామూలుగా ఉన్నప్పటి గులాబి రంగు తెలిస్తేనే మారినప్పుడు పోల్చుకోగలరు. జ్వరమని మన ఇంట్లోని పారాసెటమాల్, నొప్పి బిళ్లలు వేయకండి, కుక్కకు అవి ప్రమాదం.

అన్ని కుక్కలూ ఈదుతాయన్నది అబద్ధం. మన నాటు కుక్కలు చాలామటుకు ఈదుతాయి, కానీ ఒడ్డు ఎటో తెలియక అలిసిపోయేవి ఉన్నాయి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కువాటిని ఈ ఎండలకు నీళ్లమీదికి తేవద్దు. వాటికి వాకిట్లో ఊపిరి తీసుకోవడమే కష్టం. మిగతావాటికైనా కుక్కలకోసం చేసిన, వీపుమీద పిడి ఉన్న జాకెట్ కొనండి. పిల్లల జాకెట్ కట్టి సరిపెట్టకండి, నీళ్లలో తిరగబడుతుంది. వీపుమీది ఆ పిడి ఎంత విలువైందో తడిసిన కుక్కను ఒక్కసారి మెడపట్టీ పట్టుకుని పైకి లాగినవాడికి తెలుస్తుంది.

ఎక్కడం నేర్పేది నీళ్లలో కాదు, ఇంటి ముందు. పుట్టిని నేలమీద పెట్టి, లోపల పాత గోనెసంచి పరిచి, అక్కడే అన్నం పెట్టండి. ఓ వారం పోయాక అది తనంతట తనే వెళ్లి పడుకుంటుంది. అప్పుడు మీరూ ఎక్కి కూర్చోండి. తర్వాత పుట్టిని కాస్త కదపండి, చుట్టూ తిప్పండి. ఆవులింతలు, చొంగ కారడం, పెదాలు నాకడం కనిపిస్తే దానికి కళ్లు తిరుగుతున్నట్టు. ఆపేయండి. ఆ తర్వాతే మోకాలు లోతు నీళ్లు. దిగమన్నప్పుడే దిగడం కూడా నేర్పాలి. ఒడ్డు కనపడగానే దూకే కుక్క పుట్టిలో ఉన్నవాళ్లందర్నీ నీళ్లలో వేస్తుంది. గోనెసంచి ఊరికే చెప్పలేదు. కుక్క గోళ్లకు పట్టా చిరుగుతుంది, పడవ ఫైబర్‌దైతే కుక్కే జారుతుంది. సంచిని బద్దలకు కట్టేసి, ఎండెక్కాక నీళ్లు చల్లితే పడవకు కాపు, కుక్కకు చలువ. కుక్కను మాత్రం పడవకు కట్టకండి, ఎంత అల్లరిదైనా సరే. పుట్టి తిరగబడితే అది ఈదే దాటాలి, పయస్ చూసిన ఎద్దుల మాదిరే.

ఎండ గురించి ఒక లెక్క తెలిస్తే చాలు. కుక్క ఒంటివేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడమే దాని ఫ్యాను. 104 దాటితే ప్రమాదంలో పడ్డట్టు, 106 దగ్గర లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. నాలుక వెడల్పై ముదురు ఎరుపుకు తిరగడం, జిగట చొంగ, తూలడం, పిలిస్తే చూడకపోవడం, ఇందులో ఏది కనపడ్డా నీడకు చేర్చి పొట్టమీద, తొడల సందున, పాదాలమీద నీళ్లు పోస్తూ గాలి విసరాలి. తడి దుప్పటి కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలుస్తుంది. కొంచెం తేరుకున్నా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. పశువైద్యానికి 1962 నంబరు ఉంది; మీ ఊరివైపు కుక్కనూ చూస్తారో లేదో ముందే ఫోను చేసి అడిగి పెట్టుకోండి. ఇంటినుంచి బయలుదేరేముందు అరచేతి వెనక భాగాన్ని వాకిట్లో బండమీద ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

తాగే నీళ్లు ఇంటినుంచే. ఇరవై కిలోల కుక్క మామూలు రోజే లీటరు దాకా తాగుతుంది, ఎండకు అంతకు రెట్టింపు. ప్రాజెక్టు నీళ్లున్నాయి కదా అనుకోవద్దు. నీటిమట్టం దిగిన మూలల్లో ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు తెట్టు కడుతుంది చూశారా, అందులో కొన్ని రకాల నాచు కుక్కకు విషం. తాగనక్కర్లేదు, ఒళ్లు నాక్కున్నా చాలు. అలాంటి మూలకు పుట్టిని పోనివ్వకండి, కుక్క దిగితే వెంటనే మంచినీళ్లతో కడగండి.

నీళ్లు దిగినచోట

వానాకాలపు ప్రాజెక్టు మీకు తెలిసినా ఎండాకాలపు ప్రాజెక్టు తెలిసినట్టు కాదు. మునిగిన మోడులు పైకొస్తాయి, పైకి రానివి మరీ చెడ్డవి. పాత గట్లు, వదిలేసిన వలల ముక్కలు, కర్రలు నీటికింద జానెడు లోతులో ఉంటాయి. నీళ్లు దిగి బయటపడ్డ శికంలో పైపొర ఎండి పగుళ్లిచ్చి గట్టినేలలా కనిపిస్తుంది, అడుగు వేస్తే మోకాలిదాకా బురద. కుక్క ముందు పరుగెత్తి దిగబడుతుంది, దాన్ని లాగబోయి మీరు. అలాంటప్పుడు నడవకండి, తెడ్డును అడ్డంగా వేసి దానిమీద బరువు ఆనించి పాకండి. ఇదే కాలంలో అదే శికం నేలమీద తీతువులు గుడ్లు పెడతాయి. అవి తలమీద తిరుగుతూ అరుస్తుంటే మీ కుక్క గూటి దగ్గర ఉందని అర్థం, తాడు వేసి పక్కకు తప్పుకోండి.

వెళ్లేముందు మత్స్యకారుల సంఘం వాళ్లతో ఒక మాట చెప్పండి. ఎండాకాలం వాళ్ల పంట కోతకొచ్చే కాలం. వల ఎక్కడ వేశారో చెప్తారు, లోతూ చెప్తారు, గాలాలు ఎక్కడ కట్టారో చెప్తారు. ఎర ఉన్న గాలాన్ని కుక్క మింగితే దారం పట్టుకుని లాగకండి. దారం కత్తిరించి, కొస వదిలేసి, డాక్టరు దగ్గరికి తీసుకుపొండి.

ఇక గాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దంతా ఆకు కదలదు, సాయంత్రం నాలుగింటికి అనంతగిరివైపు నల్లగా కమ్ముకుని పది నిమిషాల్లో గాలివాన. పుట్టికి ముందూ వెనకా లేదు, గాలి ఎటు తోస్తే అటే పోతుంది. అందుకే సాయంత్రం షికారు నేను ఒప్పుకోను, సూర్యాస్తమయం ఫొటో ఎంత బాగుంటుందని చెప్పినా. పిడుగుల హెచ్చరికకు ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి. ఉరుము వినపడితే ఒడ్డుకు రావాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంటదాకా మళ్లీ దిగకూడదు. చాలాసార్లు కుక్కే ముందు వింటుంది. చెవులు వెనక్కి పెట్టి మీ కాళ్ల మధ్యకు దూరుతుంటే మురిపెం అనుకోకుండా ఓసారి ఆకాశం చూడండి.

నడిమధ్యలో గాలి అందుకుంటే ఎక్కినచోటికే తిరిగి రావాలని తెడ్డుతో పోట్లాడకండి. గాలి తోసే ఒడ్డే మీ ఒడ్డు. కింద కూర్చుని, కుక్కను మోకాళ్ల మధ్య ఉంచుకుని, పుట్టిని అటే పోనివ్వండి. చేరాక దాన్ని పైకి లాగి బోర్లించి, ఇంటికి ఫోను చేసి, కట్ట చుట్టూ నడిచి రండి. పుట్టిని మర్నాడు తెచ్చుకోవచ్చు. బయలుదేరేటప్పుడు సంచిలో కుక్క తాడుతోపాటు మీ చెప్పులూ పెట్టుకోమనేది ఇందుకే. ఆ పక్కంతా తుమ్మముళ్లు.